జుట్టు మీద పన్ను

అమెరికా నల్లజాతి హాస్యనటుడు క్రిస్ రాక్ 2009లో ‘గుడ్ హెయిర్’ అనే డాక్యుమెంటరీ తీసుకొచ్చాడు. దర్శకుడు జెఫ్ స్టిల్సన్ అయినా సినిమా అంతా రాక్‌దే, కెమెరా ఆయన వెంటే తిరుగుతుంది. చిన్న కూతురు వచ్చి ‘నాకు మంచి జుట్టు ఎందుకు లేదు నాన్నా’ అని అడిగిందట. ఆ ప్రశ్న పట్టుకుని బయల్దేరతాడు. అట్లాంటాలో జరిగే బ్రానర్ బ్రదర్స్ హెయిర్ షోకి వెళ్తాడు. బార్బర్ షాపుల్లో మగవాళ్ళని కూచోబెట్టి మాట్లాడిస్తాడు. పార్లర్లలో ఆడవాళ్ళని నవ్విస్తూ ప్రశ్నిస్తాడు. చివరికి మన దేశానికొచ్చి, దేవుడికి తలనీలాలిచ్చే భక్తుల్ని చూపిస్తాడు. సినిమా హాయిగా నడుస్తుంది. నవ్వొస్తుంది. నవ్వాగాక, ఇంతసేపూ ఎవర్ని చూసి నవ్వామని ఆలోచిస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

ఎందుకంటే ఆ నవ్వంతా ఆడవాళ్ళ ఖర్చు మీద. వీవ్‌కి వెయ్యి డాలర్లా! అదీ వాయిదాల మీదా! వీవ్ అంటే మన సవరం లాంటిదే. కాకపోతే జడకి కట్టేది కాదు, సొంత జుట్టుని నెత్తికి అంటుకునేలా సన్నటి జడలుగా అల్లి, వాటికి సూదీదారంతో కుట్టేస్తారు. పెళ్ళాం తల మీద చెయ్యి వెయ్యనివ్వదని మొగుళ్ళు వాపోతారు, ప్రేక్షకులు పగలబడతారు. డబ్బున్న నటి దగ్గర్నుంచి జీతం చాలని గుమాస్తా దాకా అందరూ ఒకే పిచ్చిలో పడ్డారన్నట్టు సినిమా మనల్ని నమ్మిస్తుంది. ఇది పిచ్చి కాదు, పన్ను. కట్టకపోతే ఉద్యోగం పోతుంది, బడి గేటు దగ్గర ఆపేస్తారు, పెళ్ళి సంబంధం వెనక్కి పోతుంది. పన్ను కట్టేవాడి అమాయకత్వం మీద నవ్వి, వేసేవాడి ఊసెత్తకపోవడం హాస్యానికి సులువు. విమర్శకి అది కుదరదు.

ఈ కోణం నుంచి చూస్తే ‘చవకలో అందం’ అన్న మాటకి అర్థం మారిపోతుంది. అందరు ఆడవాళ్ళకీ చవకగా సరుకులు కావాలి. నల్లజాతి ఆడవాళ్ళకి చవక అంటే పన్ను తగ్గించుకునే ఉపాయం. వంటింట్లో, మెట్ల మీద, అమ్మ మోకాళ్ళ మధ్య కూచుని నేర్చుకున్న ఉపాయం.

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. ఇట్లాంటి సరుకుల మీద ఈ మధ్య ‘విమెన్ ఆఫ్ కలర్ కోసం’ అని రాస్తున్నారు. ఆ పేరు మార్కెట్టు పెట్టింది కాదు. ఉద్యమకారిణి లొరెట్టా రాస్ చెప్పే కథనం ప్రకారం 1977లో హ్యూస్టన్‌లో జరిగిన జాతీయ మహిళా సదస్సుకి నల్లజాతి స్త్రీలు తమ డిమాండ్ల పత్రం పట్టుకుపోయారు. మిగతా మైనారిటీ స్త్రీలు మేమూ కలుస్తామన్నారు. అందర్నీ కలిపి పిలవడానికి ఒక మాట కావాల్సొచ్చి ఇది పుట్టింది. అంటే చర్మంతో వచ్చిన పేరు కాదు, కలిసి నడవడానికి పెట్టుకున్న పేరు. ‘మైనారిటీ’ అనే మాటని మనం వాడుకోవడం లేదా, అట్లాంటిది. రెండు తరాలు గడిచేసరికి అదే మాట క్రీముడబ్బా మీద లేబులయింది.

తెలుగులోకి తేబోతే ఇంకో చిక్కు. ‘రంగు స్త్రీలు’ అంటే మొహానికి రంగేసుకున్నవాళ్ళని ధ్వనిస్తుంది. ‘నల్లజాతి స్త్రీలు’ అంటే లాటిన్లు, ఆసియా వాళ్ళు, ఆదివాసులు రాలిపోతారు. మన భాషకి రంగుతో ఉన్న లావాదేవీ పాతది. ‘వన్నె’ అంటే రంగూ, అందమూ. ‘వర్ణం’ అంటే రంగూ, కులమూ. ఈ రెండు మాటల మధ్య ఎంత అఘాయిత్యం దాక్కుందో వేరే చెప్పాలా? ఉర్దూ ఏమీ తక్కువ తినలేదు. సంబంధాలు మాట్లాడే పెద్దమ్మలు పిల్ల నల్లగా ఉందని నేరుగా అనరు, ‘రంగ్ జరా దబ్తా హై’ అంటారు. రంగు కొంచెం అణిగి ఉందని. ఎవరు అణిచారమ్మా అని అడిగిన పిల్ల ఇంకా మా ఇళ్ళలో పుట్టలేదు!

సరే, పన్ను ఎప్పుడు మొదలయింది? కాగితం మీద దొరికే పాత సాక్ష్యాల్లో ఒకటి 1786 నాటిది. అప్పటికి లూసియానా స్పెయిన్ ఏలుబడిలో ఉంది. గవర్నరు ఎస్తెబాన్ మీరో ఒక ఉత్తర్వు వేశాడు: బానిసత్వం నుంచి బయటపడ్డ నల్ల, మిశ్రమజాతి స్త్రీలు తలలో ఈకలూ నగలూ పెట్టుకోగూడదు, జుట్టుకి గుడ్డ కట్టుకుని తీరాలి. ఆ గుడ్డని తీన్యోఁ అంటారు. వాళ్ళ అలంకారం చూసి తెల్ల దొరసానులకి కన్ను కుట్టిందని చరిత్ర రాసేవాళ్ళు చెప్తారు. ఆడవాళ్ళు ఉత్తర్వుని పాటించారు. పాటించి దాని పరువు తీశారు. మెరిసే రంగుల గళ్ళగుడ్డలు తెచ్చి, తల మీద గోపురాల్లా చుట్టి, శిక్షని సింగారం చేసేశారు. ఆ గళ్ళగుడ్డ పేరు మద్రాస్. మన కోరమాండల్ తీరంలో మగ్గాల మీద నేసి ఓడల్లో పంపిన రుమాలు అది. చీరాల ప్రాంతపు నేతగాళ్ళు ఇరవయ్యో శతాబ్దంలో కూడా ‘రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్’ పేరుతో పశ్చిమాఫ్రికాకి రుమాళ్ళు నేసి పంపారు. నల్లజాతి స్త్రీ తలకీ తెలుగు తీరానికీ మధ్య సంబంధం తిరుమల జుట్టుతో మొదలవలేదు. అంతకు ఎంతో ముందే గుడ్డతో మొదలయింది.

1786లో కప్పుకోమని ఉత్తర్వు. 2022లో కర్ణాటక తరగతి గదుల్లో తీసెయ్యమని ఉత్తర్వు. ఆడదాని తల మీద చెయ్యివేసే హక్కు తనకుందనుకునే సర్కారుకి కప్పడమూ విప్పడమూ ఒకటే పని. ఈ మాట ఇక్కడితో ఆపుతాను, నా విషయం జుట్టు.

బానిసత్వం రద్దయిన తర్వాత పన్ను వసూలు చేసే చేతులు మారాయి. సర్కారు స్థానంలో యజమానీ, అద్దమూ వచ్చాయి. ఆ రోజుల్లోంచే సారా బ్రీడ్‌లవ్ వస్తుంది. 1867లో లూసియానా పత్తి చేల మధ్య పుట్టింది. తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్ళు. ఏడేళ్ళకి అనాథ, పద్నాలుగేళ్ళకి పెళ్ళి, ఇరవైకి వితంతువు. సెయింట్ లూయిస్‌లో ఏళ్ళ తరబడి బట్టలుతికి బతికింది. నెత్తి మీద జుట్టు ఊడిపోవడం మొదలయింది. అది ఆమె ఒక్కదాని రోగం కాదు. ఇంట్లో కుళాయి లేదు, నీళ్ళు మోసుకురావాలి. తలస్నానం ఎప్పుడో గానీ కుదరదు. సబ్బు ఘాటు. తిండి అంతంతమాత్రం. పేదరికం తల మీద పుండై కనిపించింది. అనీ టర్న్‌బో మలోన్ అనే మరో నల్లజాతి స్త్రీ అప్పటికే జుట్టు మందులు అమ్ముతోంది. సారా ఆమె దగ్గర ఏజెంటుగా చేరింది, తర్వాత సొంతంగా మొదలుపెట్టింది. మొగుడి పేరు కలిపి మేడమ్ సి.జె. వాకర్ అయింది. ఆ మందులో మాయేమీ లేదు. గంధకం, పెట్రోలియం జెల్లీ లాంటి వాటితో చేసిన లేపనం. దాంతోపాటు తల శుభ్రంగా కడగడం, రుద్దడం నేర్పింది. అసలు పని ఆ నేర్పడమే చేసింది.

ఆమె జుట్టు సాపు చేసే దువ్వెన కనిపెట్టిందని ఇప్పటికీ రాస్తుంటారు. అది నిజం కాదు, కాల్చిన ఇనప దువ్వెన అంతకు ముందే ఉంది. తనది జుట్టు పెంచే మందే తప్ప సాపు చేసేది కాదని ఆమె చెప్పుకునేది. అయినా ఆ దువ్వెన ఆమె పద్ధతిలో ఉంది, అదీ దాచకూడదు. నల్లజాతి స్త్రీలకి తెల్ల జుట్టు ఆశ అమ్మిందని విమర్శించేవాళ్ళు ఆ రోజే ఉన్నారు. నాకు మాత్రం ఆమె దగ్గర తలవంచాలనిపించేది వేరే కారణానికి. ఇంటింటికీ తిరిగి అమ్మే వేల మంది స్త్రీలని తయారుచేసింది. అప్పటిదాకా వాళ్ళకి దొరికే పని ఉతుకుడూ, తెల్లవాళ్ళ వంటా. 1912లో నల్లజాతి వ్యాపారుల సభలో పెద్దమనిషి బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. ఆమె లేచి నిలబడి, పత్తి చేలోంచి వచ్చాను, బట్టల తొట్టి దగ్గర్నుంచి వచ్చాను, నా ఫ్యాక్టరీ నా స్థలంలో నేనే కట్టుకున్నానని చెప్పేసి కూచుంది. 1917లో తన ఏజెంట్లని ఫిలడెల్ఫియాలో సమావేశపరచింది. అదే ఏడు, నల్లవాళ్ళ సామూహిక హత్యలకి వ్యతిరేకంగా వైట్ హౌస్‌కి వెళ్ళిన ప్రతినిధుల్లో ఆమె ఉంది. అందం సరుకుల వ్యాపారం రాజకీయం కాదనేవాళ్ళు ఈ ఒక్క జీవితం చదివితే చాలు.

రాక్ సినిమాలో ఈ చరిత్రకి దక్కిన చోటు బహు కొద్ది. ఆ చరిత్ర లేకుండా రిలాక్సర్ దగ్గరికి వస్తే అది మూర్ఖత్వంలాగే కనిపిస్తుంది. రిలాక్సర్ అంటే జుట్టు లోపలి బంధాలని తెంచి రింగులు సాపు చేసే రసాయనం. గట్టి రకాల్లో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే మన కాస్టిక్ సోడా. దాంట్లో వేసిన కూల్‌డ్రింక్ డబ్బా కరిగిపోవడం సినిమాలో చూపిస్తారు. మంచి దృశ్యం, మరచిపోలేం. నెత్తి కాలినా ఓర్చుకుని కూచునే ఆడవాళ్ళని, ఆరేళ్ళ పిల్ల తల మీద అదే పూయడాన్నీ చూపిస్తారు. పార్లర్‌కి పోలేనివాళ్ళకి ఇంట్లో చేసుకునే పెట్టె దొరుకుతుంది. జుట్టు పెరిగేకొద్దీ మొదళ్ళు మళ్ళీ రింగులు తిరుగుతాయి గనక ఆరెనిమిది వారాలకోసారి మళ్ళీ పూయాలి. మొదటి పెట్టె చవకే. ఆ తర్వాత జీవితాంతం కొనే పెట్టెల లెక్క ఎవరూ వెయ్యరు.

ఆ లెక్కలో డబ్బు కాని భాగం ఒకటి 2022లో బయటపడింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది స్త్రీలని దాదాపు పదకొండేళ్ళు గమనించారు. జుట్టు సాపు చేసే మందులు అసలు వాడనివాళ్ళలో డెబ్భై ఏళ్ళు వచ్చేలోగా గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం అయితే, ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్ళలో అది 4.05 శాతమని అంచనా కట్టారు. సంబంధం కనిపించింది గానీ ఇదే కారణమని తేల్చినట్టు కాదు. ఆ జబ్బు మరీ ఎక్కువమందికి వచ్చేదీ కాదు. అయినా ఆ మందులు వాడామని చెప్పినవాళ్ళలో సుమారు 60 శాతం నల్లజాతి స్త్రీలే. పన్ను ఎవరి మీద పడిందో ఆ అంకె చెప్తుంది.

మరి ఎందుకు కడతారు? కోర్టు తీర్పులు చదవండి, తెలుస్తుంది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మీద రెనీ రోజర్స్ అనే ఉద్యోగిని వేసిన కేసు ఉంది. ఆమె తలకి అంటి ఉండే సన్నజడలు వేసుకునేది, వాటిని కార్న్‌రోస్ అంటారు. కంపెనీ వద్దంది. ఇది నా జాతి సంస్కృతి అని ఆమె వాదించింది. బో డెరెక్ అనే తెల్ల నటి 1979 నాటి ‘10’ అనే సినిమాలో వేసుకుంది చూసి మీరూ వేసుకున్నారని కంపెనీ వాదించింది! ఆఫ్రికాలో వేల ఏళ్ళుగా ఉన్న జడ హాలీవుడ్‌లో పుట్టిందన్నమాట. జడ పుట్టుకతో వచ్చేది కాదు, మార్చుకోగలిగేది గనక వివక్ష లేదని కోర్టు ఆమెకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. కావాలంటే పైన సవరం పెట్టి కప్పుకోవచ్చన్నది కంపెనీ ఇచ్చిన వెసులుబాటు. రాక్ నవ్వించిన ఆ సవరమే! ఒక చేత్తో పెట్టుకోమంటారు, ఇంకో చేత్తో పెట్టుకున్నావని నవ్వుతారు.

అరవైల చివర్లో ఆఫ్రో వచ్చింది. జుట్టుని పుట్టినట్టే వదిలేసి, గుండ్రంగా పెంచడం. ‘నలుపే అందం’ అన్న నినాదపు రోజులవి. ఖర్చు లేని సింగారం కదా, మార్కెట్టు ఏం చేసింది? రిలాక్సర్లు అమ్మే కంపెనీయే ఆఫ్రో నూనె కూడా అమ్మింది. షికాగోలో 1954లో జార్జ్ జాన్సన్ పెట్టిన జాన్సన్ ప్రోడక్ట్స్ వారి ‘అల్ట్రా షీన్’ సాపు చేసుకునేవాళ్ళకి, ‘ఆఫ్రో షీన్’ చేసుకోనివాళ్ళకి. తప్పుపట్టాల్సిన పని లేదు. అది నల్లజాతి కంపెనీ, ‘సోల్ ట్రెయిన్’ అనే నల్లజాతి టీవీ కార్యక్రమాన్ని దేశమంతా నడిపించిన డబ్బు అది. బాధ తర్వాతి అధ్యాయంలో ఉంది. లాభం కనిపించాక పెద్దవాళ్ళు వచ్చారు. నల్లజాతి యజమానుల సాఫ్ట్ షీన్‌ని ఫ్రెంచి కంపెనీ లోరియల్ 1998లో కొనేసింది, ‘డార్క్ అండ్ లవ్లీ’ తయారుచేసే కార్సన్‌ని 2000లో కొంది. విగ్గుల వ్యాపారం కథ ఇంకొకటి. అరవైల నడుమ చైనా జుట్టుతో చేసిన విగ్గుల్ని అమెరికా నిషేధించింది. కమ్యూనిస్టు జుట్టు పనికిరాదు! ఆ ఖాళీలో దక్షిణ కొరియా విగ్గులు వచ్చాయి. వాటి వెంట కొరియన్ వలస కుటుంబాలు నల్లవాళ్ళ పేటల్లో బ్యూటీ దుకాణాలు తెరిచాయి. ఇవాళ ఆ వీధుల్లో కొనేది నల్లజాతి స్త్రీ, గల్లాపెట్టె దగ్గర కూచునేది ఎక్కువగా వేరేవాళ్ళు.

మొహం రంగుల దగ్గరా ఇదే. పౌడరు, ఫౌండేషన్ తమ ఛాయకి దొరక్క ‘ఎబొనీ’ పత్రిక ఫ్యాషన్ ప్రదర్శనల్లో మోడళ్ళు రెండు మూడు రంగులు కలుపుకుని పూసుకునేవాళ్ళు. అది చూసి ఆ పత్రికవాళ్ళు 1973లో ‘ఫ్యాషన్ ఫెయిర్’ మొదలుపెట్టారు. 2017లో గాయని రిహానా ఒకేసారి నలభై ఛాయలతో ‘ఫెంటీ’ తెచ్చినప్పుడు ముదురు ఛాయలకి జనం ఎగబడ్డారు. మధ్య నలభై నాలుగేళ్ళు! నల్లవాళ్ళు కొనరని కంపెనీలు చెప్పుకున్నదంతా, అమ్మకుండా చెప్పిన మాట.

ఇక వంటింటి ఉపాయాల సంగతి. నా దృష్టిలో అసలు విద్య ఇదే, సినిమా చూడకుండా దాటేసిందీ ఇదే. బాగా రింగులు తిరిగిన జుట్టుకి ఒక కష్టం ఉంది. నెత్తి మీద పుట్టే నూనె మన సాదా జుట్టులో జారి చివరిదాకా పోతుంది. అక్కడ ప్రతి వంపు దగ్గరా ఆగిపోతుంది. అందుకని జుట్టు పొడిబారుతుంది, వంపుల దగ్గర విరుగుతుంది. ‘పెరగని జుట్టు’ అని పేరు పడ్డది అందుకే. పెరుగుతుంది, పెరిగినంతా విరుగుతుంది. దీనికి బామ్మలు కనిపెట్టిన మందు ఖరీదైంది కాదు. ముందు నీళ్ళతో తడపాలి, ఆ తడి పోకుండా పైన నూనె, ఆ పైన షియా వెన్న. షియా పశ్చిమాఫ్రికా చెట్టు గింజల వెన్న, అక్కడి ఆడవాళ్ళు చేత్తో తీస్తారు. జమైకా వాళ్ళయితే కాల్చిన ఆముదం గింజల నూనె. మన ఆముదానికి అక్కడ ఎంత మర్యాదో! పెద్ద పళ్ళ దువ్వెన, అదీ తడి జుట్టు మీద, చివర్నుంచి మొదలు దాకా. రాత్రి తలకి శాటిన్ టోపీ. నూలు దిండు తడి పీల్చేస్తుంది, రాపిడికి జుట్టు తెగుతుంది. కొద్ది డాలర్ల టోపీ చేసే పని ఖరీదైన సీసా చెయ్యలేదు.

మా ఇంట్లో అమ్మీ జుమ్మారోజు పొద్దున్నే కుంకుళ్ళు నలిపి మా తలలు రుద్దేది, కళ్ళు మండి ఏడ్చేవాళ్ళం. ఆ కుంకుడు రసం అక్కడి పిల్లల తలకి అంత తరచుగా పడదు, ఉన్న కాస్త నూనె కూడా లాగేస్తుంది. ఎవరి తలకి పనికొచ్చే తెలివి ఆ తల ఉన్న ఇంట్లోనే పుడుతుంది.

ఇందులో డబ్బు తక్కువ, టైము ఎక్కువ. ‘వాష్ డే’ అంటారు, తల కడిగి చిక్కు తీసి జడలేసేసరికి ఒక పూట పోతుంది. రెండుచోట్ల పనిచేసే తల్లికి ఆ పూట ఎక్కడిది? అందుకే నెలా రెండు నెలలు ఉండే సన్నజడలు అల్లించుకుంటారు. న్యూయార్క్ హార్లెంలో సెనెగల్ నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఈ పని చేస్తారు, ఒక తలకి ఆరేడు గంటలు పట్టొచ్చు. ఇంత నేర్పున్న చేతులకి లైసెన్సు లేదని చాలా రాష్ట్రాలు ఏళ్ళపాటు వేధించాయి. కొన్నిచోట్ల వెయ్యి గంటలకి పైగా బ్యూటీషియన్ కోర్సు చెయ్యాలన్నారు. ఆ కోర్సులో సాపు చెయ్యడం నేర్పుతారు, రంగెయ్యడం నేర్పుతారు, ఆఫ్రికా జడ దాదాపు ఉండదు! కోర్టులకెక్కి పోరాడితే ఒక్కో రాష్ట్రమే సడలిస్తూ వచ్చింది.

చవకదనానికీ గుట్టు ఉంటుంది. ఆ జడల్లో కలిపి అల్లేది ఎక్కువగా ప్లాస్టిక్ జాతి జుట్టు. అమెరికాలో వినియోగదారుల పత్రిక ‘కన్స్యూమర్ రిపోర్ట్స్’ 2025లో పది రకాలు పరీక్ష చేయిస్తే, పదింటిలోనూ క్యాన్సర్ కలిగించగల పదార్థాలు కనిపించాయి, తొమ్మిదింటిలో సీసం. మందు పూసుకోవడం మానేసి జడ అల్లించుకున్న స్త్రీని కూడా పన్ను వదల్లేదు.

ఇక తిరుమల. సినిమాలో మన దేశం భాగం చూస్తే, జుట్టు ఎక్కడిదో తెలియని అమాయక భక్తులు, తెలిసి కొనే వ్యాపారులు, తెలియక పెట్టుకునే అమెరికా స్త్రీలు, అంతే. కళ్యాణకట్టలో తలనీలాలిచ్చే మనిషి ధర అడగదు. మొక్కు తీరిందనుకుంటుంది, గుండుకి గంధం పూసుకుని దణ్ణం పెట్టి వస్తుంది. దాన్ని అమాయకత్వమనే హక్కు నాకు లేదు, రాక్‌కీ లేదు. దేవస్థానం ఆ జుట్టుని పొడవును బట్టి రకాలు చేసి వేలం వేస్తుంది. ఏటా వంద కోట్ల రూపాయలకి పైగా వస్తుంది. కత్తిరించిన జుట్టు మొదలూ చివరా తిరగబడకుండా ఒకే దిక్కున ఉంటుంది గనక దానికి గిరాకీ, ‘రెమీ’ అంటారు. అదే జుట్టు 2004లో యూదు లోకంలో కల్లోలం రేపింది. పెళ్ళైన యూదు స్త్రీలు కొందరు మతనియమంగా విగ్గు పెట్టుకుంటారు. గుడిలో ఇచ్చిన జుట్టు విగ్రహారాధనలో భాగమని మతగురువులు తేల్చేసరికి, జెరూసలేంలోనూ బ్రూక్లిన్‌లోనూ విగ్గులు తగలబెట్టారు. ఒక ఊళ్ళో మొక్కు, ఒక ఊళ్ళో పాపం, ఇంకో ఊళ్ళో ఉద్యోగానికి అర్హత. మోసింది మాత్రం ఒకే జుట్టు.

గుడి జుట్టు కంటే పెద్ద కథ దువ్వెన జుట్టుది. మన పల్లెల్లో చిక్కు వెంట్రుకలు ఉండచుట్టి గోడ సందులో దాచే అలవాటు అందరికీ తెలిసిందే. వాటికి పిన్నులో, స్టీలు గిన్నెలో ఇచ్చి పట్టుకుపోయేవాళ్ళు వీధుల్లో కేకేసుకుంటూ వస్తారు. ఆ ఉండలు కర్ణాటకలో కొప్పళకి, బెంగాల్లో ముర్షిదాబాద్‌కి చేరతాయి. అక్కడ ఆడవాళ్ళు నేల మీద కూచుని సూదులతో ఒక్కొక్క వెంట్రుకా విడదీస్తారు. ముర్షిదాబాద్‌లో ఆ చేతులు ఎక్కువగా మన ముసల్మాను గరీబు ఇళ్ళవి. అమెరికాలో ‘సరసమైన ధర’ అని చీటీ అంటించిన సవరంలో ఈ వేళ్ళ కూలి ఎంతో ఊహించుకోవచ్చు. నల్లజాతి స్త్రీ కట్టే పన్ను ఈ స్త్రీకి వేతనంగా రావడం లేదు. మధ్యలో ఆగిపోతోంది.

సినిమాలో నాకు గట్టిగా గుచ్చుకున్న దృశ్యం ఒకటుంది. నల్లవాళ్ళ జుట్టు సంచిలో వేసుకుని రాక్ దుకాణాల చుట్టూ తిరుగుతాడు, కొంటారా అని. ఎవరూ కొనరు. హాస్యమే, కానీ ఇంత నిక్కచ్చి అర్థశాస్త్రం ఏ పుస్తకంలో ఉంది? ఒక జుట్టుకి వెయ్యి డాలర్లు, ఒక జుట్టుకి సున్నా. ఆ సున్నా చుట్టూనే మొత్తం వ్యాపారం. ఆ ఒక్క నిమిషం రాక్ గొప్ప విమర్శకుడు. తర్వాత మళ్ళీ హాస్యనటుడైపోయాడు.

మన దగ్గర ఈ సున్నా లేదా? హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. ఏసీ అంటే చల్లగాలి మిషను కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో చేరిన ఆఫ్రికా గుర్రపు దళం. వాళ్ళ వారసులు, సిద్దీలు, ఇప్పటికీ అక్కడ ఉన్నారు. మా ఉర్దూ మాట్లాడతారు, మా ఈద్ చేస్తారు. ఆ ఆడపిల్లల జుట్టుని మా ఉర్దూలో ‘ఘుంగరాలే బాల్’ అని ముద్దుగా పిలవాలి. గలీలో వినపడే పిలుపు వేరు, ఇక్కడ రాయలేను. తెలుగు కావ్యాల్లో అలకల వంపులకి ఎన్ని పద్యాలు! అది మెత్తటి వంపు వరకే. ఇంకాస్త బిగిస్తే కవికి ఉపమానం దొరకదు. ఇవాళ కిరాణా కొట్టులో వేలాడే షాంపూ ప్యాకెట్ల దండ చూడండి, ఏ ప్యాకెట్ మీదైనా బొమ్మ ఒకటే, నిలువునా జారే సిల్కు జుట్టు. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 1975లో మార్కెట్లోకొచ్చి 2020లో పేరు మార్చుకుంది. ప్యాకెట్ల మీది జుట్టు మీద మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పార్లర్లలో స్ట్రెయిటెనింగ్ ధర జుట్టు పొడవూ ఒత్తూ చూసి చెప్తారు. ఒత్తుగా ఉండడం కూడా ఖర్చే.

సినిమా చివర్లో రాక్ కూతురికి జవాబు చెప్పుకుంటాడు. తల మీద ఉన్నదానికంటే తల లోపల ఉన్నది ముఖ్యమని. నాన్నగా చెప్పాల్సిన మాటే. కానీ బడి గేటు దగ్గర కొలిచేది తల మీదున్నదాన్నే. జుట్టు తీరు బట్టి వివక్ష చూపగూడదని కాలిఫోర్నియా 2019 జులైలో ‘క్రౌన్’ చట్టం తెచ్చింది. తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు అనుసరించాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022 మార్చిలో ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది. టెక్సాస్ రాష్ట్రంలో చట్టం 2023 సెప్టెంబరు 1న అమల్లోకొచ్చింది. అదే వారంలో అక్కడి ఒక బడి నల్లజాతి కుర్రవాడిని జడలు పొడుగున్నాయని తరగతిలోంచి పంపించేసింది. జడల తీరుకి రక్షణ ఉంది గానీ పొడవుకి లేదని బడి వాదించింది. 2024 ఫిబ్రవరిలో జడ్జి అదే నిజమన్నాడు.